నా వైపు తిప్పిన కుర్చీ

ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో వచ్చిన తెలుగు సినిమాలు చూసినవాళ్లు నా వీపు చూసే ఉంటారు. రౌడీలు తరుముతుంటే చెరుకుతోటలోంచి పరిగెత్తిన వీపు, రైలు కదిలిపోతుంటే ప్లాట్‌ఫారం మీద పరిగెత్తిన వీపు, పెళ్లిపీటల మీద నుంచి లేచి పూలజడ ఎగిరేలా వీధిలోకి పరిగెత్తిన వీపు చాలావరకు నాదే. హీరోయిన్లకు పరుగు రాదని కాదు. వాళ్లకు కాలు బెణికితే షూటింగ్ ఆగిపోతుంది, నాకు బెణికితే ఇంకో మనిషి వస్తుంది. అంతే తేడా. ముఖం కనిపించే ముక్కను తర్వాత స్టూడియోలో తీసేవారు. హీరోయిన్ ఉన్నచోటే నిలబడి భుజాలు ఊపుతూ రొప్పుతుంటే, ఇద్దరు మనుషులు చెట్టు కొమ్మలు పట్టుకుని ఆవిడ పక్కనుంచి వెనక్కి పరిగెత్తేవారు. ఆ రెండు ముక్కలూ అతికించేసరికి తెర మీద ఆవిడే ప్రాణాలకు తెగించి పరిగెత్తినట్టుండేది. హాల్లో జనం ఆవిడను చూసి అయ్యో అనేవారు. నేను ముందు వరసలో కూర్చుని, ఆ అయ్యో ఏదో నా మడమలను చూసి అనొచ్చు కదా అని ఉడుక్కునేదాన్ని.

నేను బాపట్ల వైపు పిల్లను. బడిలో పరుగుపందేల్లో నన్ను మించినవాళ్లు లేరు. పోలీసు ఉద్యోగానికి సెలక్షన్ అంటే హైదరాబాద్ వచ్చాను. పరుగులో అందరికంటే ముందే ఉన్నాను కానీ, ఎత్తు కాస్త తగ్గిందన్నారు. గ్రౌండ్ బయట నిలబడి ఏడుస్తుంటే, సినిమాలకు జూనియర్ ఆర్టిస్టులను తెచ్చే ఏజెంటొకాయన నా దగ్గరికి వచ్చాడు. ఏడుపు సంగతి అడగలేదు. "పరిగెత్తడం బాగా వచ్చినట్టుందే, మా దగ్గర ఆ పని చాలా ఉంది" అన్నాడు. అలా ఫిల్మ్ నగర్ చేరాను. లోకంలో అందరూ ఆపదొచ్చినప్పుడు కాళ్లకు బుద్ధి చెబుతారు. నాకు అదే ఉద్యోగమైంది.

మా ఆయన ట్రాలీ వేసే మనిషి. పట్టాలు పరిచి, వాటి మీద కెమెరా ఉన్న బండిని కుదుపు లేకుండా తోయడం ఆయన పని. మోతీనగర్‌లో పుట్టి పెరిగినవాడు. నిండు గ్లాసు పెట్టి తోసినా నీళ్లు తొణకవని యూనిట్‌లో చెప్పుకునేవారు. పెళ్లికి ముందు నా వెనకాల చాలాసార్లు ట్రాలీ తోశాడు. అంటే ఆయన కూడా మొదట చూసింది నా వీపునే. "ముఖం చూడకుండానే మనసు పడ్డారా?" అని ఏడిపిస్తే, "ఎన్కకెల్లి చూస్తే మంచిగనే ఉంటివి మరి" అనేవాడు. ముందు నుంచి ఎలా ఉన్నానో మాత్రం ఎన్నడూ చెప్పి చావలేదు.

ఫిల్మ్ నగర్ కొండవాలులో మాకొక గది, ముందు చిన్న వరండా. మొదట పాప పుట్టింది, తర్వాత బాబు. పాప గుండ్రాయిలా పెరిగింది. బాబుకే ఒక బాధ ఉండేది. కాస్త జలుబు చేస్తే చాలు, గొంతు లోపల వాచిపోయేది. దగ్గితే రేకు మీద కొట్టినట్టు చప్పుడు. మొదటిసారి అలా అయినప్పుడు బంజారా హిల్స్ వైపున్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"వీడి గొంతు సన్నంగా ఉందమ్మా. వాపు వస్తే దారి మూసుకుపోతుంది. ఏడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఊపిరి తీసినప్పుడు ఈల లాంటి చప్పుడు వినపడితే ఆలోచించకుండా ఇక్కడికి తెచ్చెయ్యండి. తెచ్చేటప్పుడు మాత్రం ఏడవనివ్వకండి. పెద్దవుతుంటే గొంతు వెడల్పవుతుంది, దానంతటదే తగ్గుతుంది."

ఏడవనివ్వకండి అని చెప్పడం ఎంత తేలిక! ఏడాది నిండని పిల్లాడిని ఏడవకుండా పెంచడమంటే మాటలా? మా ఇంట్లో చట్టమంతా వాడి చుట్టూ తిరిగేది. వాడు చెయ్యి చాపితే పాప తన బొమ్మ ఇచ్చేసేది. పక్కింటివాళ్లు రేడియో తగ్గించేవారు. మా అత్తగారు మోతీనగర్ నుంచి వచ్చినప్పుడల్లా దిష్టి తీసి, పొయ్యిలో మిరపకాయలు వేసి ఆ ఘాటుతో వాడికి దగ్గు తెప్పించేది. ఆ మిరపకాయలు మాన్పించేసరికి నాకు తాతలు దిగొచ్చారు.

చివరికి వాడు దేనికి ఊరుకుంటాడో కనిపెట్టాం. కదులుతూ ఉండాలి, నా ముఖం కనపడుతూ ఉండాలి. రెండూ ఉండాలి. భుజాన వేసుకుని నడిస్తే నా ముఖం కనపడదు కాబట్టి ఏడుపు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కదలడం లేదు కాబట్టి ఏడుపు. ఇంత లెక్క ఆ బుల్లి బుర్రకు ఎవరు నేర్పారో తెలియదు.

ఈలోగా ఏజెంటు ఒకరోజు ఇంటికొచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఏంటమ్మా, ఇప్పుడు నీ వెనకాల ఇద్దరు హీరోయిన్లు దాక్కోవచ్చే" అన్నాడు. టీ పెట్టి ఇచ్చాను కానీ, ఆ టీలో ఏం కలపనందుకు ఈ రోజుకీ నా సహనాన్ని మెచ్చుకుంటాను. మర్నాటి నుంచి పరుగు మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను. కానీ తెల్లారకుండానే యూనిట్ వ్యాన్ వచ్చి మా ఆయనను ఎక్కించుకుపోయేది. పిల్లలను ఎవరి దగ్గర వదలను? అందులోనూ ఏడవకూడని పిల్లాడిని?

అంతకుముందెప్పుడో ఒక మేకప్ రూంలో పాత ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే ఒక బొమ్మ కనపడింది. నిక్కరు వేసుకున్న తెల్లావిడ మూడు చక్రాల బండిని తోస్తూ పరిగెడుతోంది. బండిలో పిల్లాడు దర్జాగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మా ఆయనకు ఆ బండి ఎలా ఉందో నేల మీద గీసి చూపించాను. ఆయన గడ్డం గోక్కుంటూ చూశాడు. తర్వాత రెండు మూడు ఆదివారాలు వరండా నిండా ఇనుప సామానే. రెండు సైకిల్ చక్రాలు వెనక, ఒక చిన్నపిల్లల సైకిల్ చక్రం ముందు. ఏదో జమీందారు ఇంటి సెట్‌లో వాడి పారేసిన వెడల్పాటి పేము కుర్చీ, ఇద్దరు పిల్లలు పక్కపక్కన పట్టేలా. కుర్చీ కింద కుదుపు తెలియకుండా ట్యూబు ముక్కల మడతలు. చేతి దగ్గర సైకిల్ బ్రేకు. బండి జారిపోకుండా నా మణికట్టుకు కట్టుకోవడానికి ట్రాలీ తాడు. నాలుగు చక్రాలైతే స్థిరంగా ఉంటుంది కదా అంటే వినలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఇక బండికి మూడు చక్రాలుండటంలో వింతేముంది?

అంతా బాగుంది కానీ కుర్చీ నా వైపు తిప్పి బిగించాడు.

"అదేంటండీ, బొమ్మలో పిల్లాడు ముందుకు చూస్తున్నాడు. రోడ్డు కనపడాలి కదా వీళ్లకి?" అన్నాను.

"రోడ్డేం చూస్తరు? దుమ్మంత కండ్లల్ల పడ్తది. నీ దిక్కే మంచిగుంటది."

"తిప్పండి."

"తిప్ప." ఆయన స్పానర్ కింద పెట్టేశాడు. "నీకు తెల్వదా? మొఖం తీస్తున్నప్పుడు కెమెరా ఎన్కకే పోతది. నువ్వు ముందటికి ఉరుకు. వాడు నీ మొఖం చూస్కుంట ఎన్కకు పోతడు. ఏడ్వడు."

ఇన్నేళ్లూ ట్రాలీలన్నీ నా వెనకాలే వచ్చాయి. నా ముందు ట్రాలీ వేసినవాడు మా ఆయనొక్కడే. అది పిల్లాడి కోసమే వేశాడని తెలుసు. అయినా గుండె నిండిపోయింది.

మా అత్తగారికి బండి నచ్చలేదు. "గిదేం ఉరుకుడే? పిల్లల తల్లివి. ఊరంత ఒక తొవ్వ, నీదొక తొవ్వ. చూసెటోళ్లు నవ్వుతరు" అంది. నిజానికి ఎవరూ నవ్వలేదు. ఇంకో విచిత్రం జరిగింది.

మా ఏరియా జనానికి ఒక అలవాటుండేది. రోడ్డు మీద ఎవరైనా పరిగెడుతూ కనపడితే ముందు కెమెరా ఎక్కడుందో చూసేవారు. దొంగ పరిగెత్తినా, దొంగ వెనక పోలీసు పరిగెత్తినా అంతే. కెమెరా కనపడకపోతే ఏ మేడ మీదో, ఏ రాయి వెనకో పెట్టి ఉంటారని నిశ్చయించుకుని, షాట్‌లో పడకుండా పక్కకు జరిగి నిలబడేవారు. ఒకసారి ఎవరో షాట్ మధ్యలో సైకిల్ తొక్కుకుంటూ పోయి యూనిట్ మొత్తం చేత తిట్లు తిన్నారట. ఆ భయం కాలనీ అంతా పాకిపోయింది. నేను ఇద్దరు పిల్లలను బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ కొండెక్కి జూబ్లీ హిల్స్ వైపు పరిగెడుతుంటే, పాలవాడు సైకిల్ దిగి గోడకు అంటుకుపోయేవాడు. బంగళాల వాచ్‌మన్లు చొక్కా సర్దుకుని మీసం దువ్వుకునేవారు, ఒకవేళ పడితే బాగా పడాలని. నాకు మొదట్లో సిగ్గేసేది. తర్వాత అలవాటైంది. దారి ఖాళీగా దొరుకుతుంటే చేదా?

అప్పట్లో జూబ్లీ హిల్స్‌లో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. రాళ్ల మధ్య సీతాఫలం చెట్లు, అక్కడక్కడా గేట్ల మీదుగా రోడ్డు మీదికి వాలిన కాగితపు పూలు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువుకు నా ముఖం ఎలా వంకర్లు తిరిగేదో నాకు తెలియదు. పిల్లలకు తెలుసు. నా ఎదురుగా కూర్చుని ఇద్దరూ విరగబడి నవ్వేవారు. "అమ్మా, మళ్లీ బుగ్గలు ఉబ్బించు!" అనేది పాప. బాబుకు మాటలు రావు కాబట్టి కాళ్లు కొట్టుకునేవాడు. దిగేటప్పుడు బండి నన్ను లాగేది. బ్రేకు నొక్కుతూ, మడమల మీద వెనక్కి వాలుతూ దిగాలి, లేకపోతే మనిషీ బండీ కలిసి ఏ బంగళా గోడనో పలకరిస్తాయి. మెల్లగా నేను వాళ్ల కోసం ముఖాలు పెట్టడం నేర్చుకున్నాను. కోతి ముఖం, అత్తగారి ముఖం, ఏజెంటు ముఖం. సినిమాల్లో ఒక్క కనురెప్ప ఆర్పే అవకాశం రానిదాన్ని, పొద్దున్నే ఆ ఇద్దరికీ అన్ని రసాలూ ఒలికించేదాన్ని. జీవితంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ.

ఆ ఏడు వానలు తగ్గి చలి మొదలైంది. మా ఆయన అరకు వైపు అవుట్‌డోర్‌లో ఉన్నాడు. తెల్లవారుతుండగా బాబు లేచాడు. దగ్గు. రేకు మీద కొట్టినట్టుండే అదే దగ్గు. ఆ వెంటనే వాడు ఊపిరి తీసుకున్నాడు. సన్నగా, ఈల వేసినట్టు.

వాడి మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది, పక్కటెముకలు కనపడుతున్నాయి. వాడు కళ్లు పెద్దవి చేసి నన్ను చూస్తున్నాడు. పెదవి వణుకుతోంది. ఏడుపు మొదలవడానికి ముందు వాడి పెదవి అలాగే వణికేది.

నేను నవ్వాను. ఎలా నవ్వానో తెలియదు. "లేచావా నాన్నా? మనం పరిగెడదామా?" అన్నాను. పెదవి ఆగింది.

మా వీధిలో ఫోను లేదు. వీధి చివర ఆటోలు నిలబడే చోటు ఖాళీగా ఉందని వరండాలోంచే కనపడుతోంది. ఎత్తుకుని పరిగెడితే నా ముఖం కనపడదు, ఏడుస్తాడు. ఉన్నది బండే. దుప్పటి చుట్టి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. పాపను పక్కింట్లో వదులుదామని వెనక్కి తిరిగేసరికి, అది నిద్రకళ్లతోనే వచ్చి తమ్ముడి పక్కన ఎక్కి కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుంది. దింపితే ఇది ఏడుస్తుంది, దీన్ని చూసి వాడు ఏడుస్తాడు. అలాగే బయల్దేరాను.

దారిలో ఆటో దొరక్కపోతుందా అనుకున్నాను. దొరికింది కూడా. కొండ ఎక్కుతూ ఎదురొచ్చింది. కేకేయాలి. కేకేస్తే వాడు బెదురుతాడు. అందుకని నవ్వుతూ చెయ్యి ఊపాను. ఆటో అతను బండిని చూశాడు, పిల్లలను చూశాడు, నవ్వుతున్న నా ముఖం చూశాడు. చుట్టూ మేడల మీదికి ఒకసారి చూపు తిప్పి, ఆటోను పూర్తిగా పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. "కానియ్యి మేడమ్, కానియ్యి! మేం షాట్ల పడం" అన్నాడు. మళ్లీ ఊపాను. అతనూ ఊపాడు, కాస్త సిగ్గుపడుతూ, జేబులోంచి దువ్వెన తీస్తూ.

నవ్వు నాలుగు విధాల చేటని మా నాయనమ్మ అనేది. ఐదో విధం నాకు ఆ పొద్దున్న తెలిసింది. పిల్లలతో పరిగెడుతున్న ఆడమనిషి ముఖంలో భయం ఉంటే ఎవరైనా ఆపి అడుగుతారు. నవ్వు ఉంటే అది పాట షూటింగే. ఇంకేమవుతుంది మా ఫిల్మ్ నగర్‌లో? ఆగి అతనికి చెబుదామంటే బండి ఆగగానే పెదవి మళ్లీ వణికింది. ఆగలేదు. లోపల అతన్నీ, అతని దువ్వెననూ, సినిమాలనూ, సినిమాలు కనిపెట్టినవాళ్లనూ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. బయటికి మాత్రం నవ్వు. ప్రాణసంకటం అంటారే, దానికి ఆ పొద్దున్న నేనే ముఖం.

కానీ అదే నవ్వు దారి కూడా ఇచ్చింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఒక బంగళా గేటులోంచి నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తుంటే వాచ్‌మన్ కర్రతో దాని వీపు మీద బాదాడు. "ఏయ్, ఆపు! షూటింగ్ నడుస్తున్నది, కనిపిస్తలేదా?" అని అరిచాడు. ట్యాంకరు ఆగిపోయింది. బర్రెలు తోలుకొస్తున్న ముసలాయన వాటిని రాళ్ల వైపు మళ్లించి, వాటి ముందు తను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆగితే బాబుకు ఏమవుతుందోనని నేను చచ్చిపోతూ పరిగెడుతుంటే, ఊరు ఊరంతా నాకు దారిచ్చి ముచ్చటగా చూస్తోంది.

బాబు నన్నే చూస్తున్నాడు. ప్రతి ఊపిరికీ ఆ ఈల. కోతి ముఖం పెట్టాను. అత్తగారి ముఖం పెట్టాను. దిగుడులో బ్రేకు నొక్కీ నొక్కీ వేళ్లు మొద్దుబారాయి. కళ్లలో ఏదో కారుతోంది, చలిగాలికే అనుకున్నాను. పాప మాత్రం దారి పొడుగునా పకపకా నవ్వుతూనే ఉంది. "స్పీడ్‌గా అమ్మా! ఇంకా స్పీడ్‌గా!" అని తమ్ముడి చెయ్యి ఊపుతూ ఒకటే కేరింతలు. పసిపిల్ల, దానికేం తెలుసు, ఒకందుకు అదే నయం అనుకున్నాను.

బంజారా హిల్స్ వైపు మలుపు దగ్గర నాలుగు దారులు కలుస్తాయి. అక్కడ బస్సులు, లారీలు కూడా వస్తాయి. ఏం చేయాలిరా దేవుడా అనుకుంటూ ఉండగానే, స్టూడియో వైపు వెళ్తున్న ఒక యూనిట్ వ్యాన్ అక్కడ ఆగింది. లోపలున్న లైట్‌మన్లు నన్ను చూశారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. నలుగురైదుగురు దూకి రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. "ఆగండి, ఆగండి, షాట్ వస్తోంది!" అని అటు బస్సును, ఇటు లారీని ఆపేశారు. అది ఏ సినిమానో, ఎవరి యూనిట్టో వాళ్లకు అనవసరం. పరుగు కనపడితే ట్రాఫిక్ ఆపాలి. అన్నేళ్లుగా చేసిన పని అది.

వాళ్లలో ఒక పెద్దాయన మా ఆయనతో చాలా సినిమాలకు పనిచేశాడు. వేడి లైట్లు పట్టుకునే తోలు గ్లౌజులు నడుముకు దోపుకుని నా పక్కన పరిగెత్తుతూ వచ్చాడు. "ఏంటమ్మాయ్, కెమెరా ఏదీ? ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

జోలపాట గొంతుతో, నవ్వు చెదరకుండా చెప్పాను. "కెమెరా లేదు బాబాయ్. బాబుకి ఊపిరి అందట్లేదు. అరవొద్దు. నవ్వు."

ఆయన అడుగు తడబడింది. "వ్యాన్ ఎక్కమ్మా" అన్నాడు చిన్నగా.

"దింపితే ఏడుస్తాడు. ఆసుపత్రి గేటు అదిగో, కనపడుతూనే ఉంది."

ఆయన ఉన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ నా కంటే ముందుకు ఉరికాడు. గ్లౌజులు గాల్లో ఊపుతూ, దారికడ్డమొచ్చిన ప్రతివాడినీ నవ్వుతూనే పక్కకు నెడుతూ పోయాడు. ఆ వయసులో ఆయన అలా పరిగెత్తడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. తర్వాత రెండు రోజులు మంచం దిగలేదట పాపం.

ఆసుపత్రి వాలు మీదుగా బండితో సహా లోపలికి పోయాను. బండి లోపలికి రాకూడదని ఎవరో అంటుంటే పెద్దాయన ఆ మనిషిని కౌగిలించుకుని పక్కకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నేల మీద మోకాళ్లమీద కూర్చుని, బాబును కుర్చీలోంచి కదల్చకుండానే చూసింది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పట్టుకుంది. నన్ను ఎదురుగా అలాగే నిలబడమంది. సూది మందు ఇచ్చారు. పొగలాంటి మందేదో పీల్పించారు. ఎంతసేపైందో నాకు తెలియదు. ఈల మెల్లగా సన్నబడింది. తర్వాత వినపడలేదు. వాడు నన్ను చూస్తూ చూస్తూ కునుకు తీశాడు.

"ఏడవకుండా తెచ్చారు. అదే కాపాడింది" అంది డాక్టరమ్మ.

అప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పిల్లలకు నా వీపు మాత్రమే కనపడేలా. వీపుతో ఏం తెలియనివ్వకుండా ఉండటం నాకు బాగా వచ్చు. ముఖంతో మాత్రం చాలాసేపు ఏడ్చాను.

పెద్దాయన కబురు పంపితే మధ్యాహ్నం మా అత్తగారు ఆసుపత్రికి వచ్చింది. మనవణ్ని తడిమి తడిమి చూసుకుంది. తర్వాత వరండాలో ఉన్న బండి దగ్గరికి పోయి, కొంగుతో కుర్చీ మీద దుమ్ము తుడిచింది. "రేపటికెల్లి నువ్వు ఉరుకు బిడ్డా. ఎవ్వలేమన్నా ఉరుకు" అంది. అరకు నుంచి వచ్చాక మా ఆయన కూడా మొదట బాబును, తర్వాత బండిని చూశాడు. నా చేతి వేళ్లు కందిపోయి ఉంటే వాటిని తన అరచేతుల్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ సాయంత్రం బ్రేకు పట్టుకు మెత్తటి గుడ్డ చుట్టాడు. అదే ఆయన మాట.

బాబుకు నాలుగో ఏడు వచ్చేదాకా ఆ బండి నడిచింది. డాక్టరమ్మ చెప్పినట్టే వాడి గొంతు బాగుపడింది. ఇప్పుడు తలుచుకుంటే వాడికి ఆ గొంతు మరీ బాగుపడిందేమో అనిపిస్తుంది, బడి నుంచి వస్తే వీధి చివరి నుంచే వినపడేవాడు. నేను మళ్లీ సినిమాల్లో పరిగెత్తాను. ఇంకొన్నాళ్లు జనం నా వీపు చూశారు.

తొంభైల చివర్లో ఒక ఆదివారం సాయంత్రం టీవీలో పాత సినిమా వేశారు. చెరుకుతోట పరుగు వచ్చింది. మా ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చుని, "అగో, మీ అమ్మ!" అన్నాడు.

బాబు కళ్లు చిట్లించి చూశాడు. "అమ్మ కాదు."

"మీ అమ్మేరా. ట్రాలీ నేనే తోసిన."

"కాదు డాడీ. అమ్మ పరిగెత్తితే నవ్వుతుంది."

"ఎన్కకెల్లి నవ్వు ఎట్ల కనపడ్తదిరా?"

వాడు ఒప్పుకోలేదు. వాడికి తెలిసిన అమ్మ పరుగంటే ముఖమే. నాకు గర్వం పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ పిల్లలకు చెప్పని ఆ పొద్దుటి సంగతి మొత్తం చెప్పాను. ఆటో, దువ్వెన, ట్యాంకరు, గ్లౌజుల పెద్దాయన, అన్నీ. బాబు నోరు తెరుచుకుని విన్నాడు. వాడికి ఒక్కటీ గుర్తు లేదు. చివర్లో కాస్త గొప్పకు పోయాను. "సినిమాల్లో నాకు ఒక్క క్లోజప్ ఇవ్వలేదు కానీ, ఆ రోజు నేను చేసిన యాక్టింగ్ ఏ హీరోయిన్ చేస్తుంది? మీ ఇద్దరికీ పిసరంత అనుమానం రాలేదు. ఇదైతే దారి పొడుగునా పకపకా నవ్వుతూనే ఉంది!" అన్నాను.

పాప కింద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. తల ఎత్తలేదు. "నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసే?"

"నువ్వు భయపడుతున్నావని. నవ్వుతున్నావ్ కానీ నీ కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నేను నీ ఎదురుగానే ఉన్నా కదా."

"మరి అంత నవ్వావేంటే?" అన్నాను.

"నేను ఏడిస్తే తమ్ముడు నన్ను చూసి ఏడుస్తాడు కదమ్మా." అది పుస్తకంలో గీత గీస్తూనే చెప్పింది. "స్పీడ్‌గా, స్పీడ్‌గా అన్నానే, ఆడుకోవడానికి అనుకున్నావా?"

ఐదేళ్ల పిల్ల. ఆ కుర్చీలో తమ్ముడి చెయ్యి పట్టుకుని, ఒక్కత్తే ఆ భయమంతా మోసింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. దానికి ఏమీ తెలియదనుకుని నేనొక్కదాన్నే మోశానని మురిసిపోయాను.

పొయ్యి మీద పాలున్నాయని ఏదో గొణిగి లేచాను. వాళ్లకు వీపు తిప్పి వంటగది గుమ్మం దగ్గరికి పోయి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మా" అంది పాప వెనకనుంచి. "ఇటు తిరుగు."

ఏడుస్తున్న ముఖంతోనే తిరిగాను.